గెలిచిన రోజే అమ్మేశారు

గోదావరి లంకలన్నిటినీ ముంచేసిన వరద ఏడు నేను పందెం గెలిచాను. గెలిచిన రోజే నన్ను అమ్మేశారు.

నేను ఒక పందెపు విమానాన్ని. విమానం అంటే నూరుమందిని కూర్చోబెట్టుకుని, టిఫిను పెట్టి, దింపేసి వచ్చేదే అనుకుంటారు మీలో చాలామంది. నేను ఆ జాతి కాదు. ఒళ్లంతా కర్ర, గుడ్డ, జిగురు. ముక్కులో ఒక ఇంజను. బరువు మొయ్యడం నా పని కాదు. జోరుగా పోవడం నా పని. నాకు వచ్చింది అదొక్కటే. ఆ ఒక్క పనీ నన్ను సవ్యంగా చెయ్యనివ్వలేదు మనుషులు. అదీ నా ఏడుపు.

నన్ను దొరల సీమలో ఒక రేకుల షెడ్డులో చేశారు. చేసినవాళ్లు ముగ్గురు. ఒకడు పడవలు చేసే వడ్రంగి. ఒకడు ఇంజను మనిషి. మూడో మనిషి ఒక ముసలమ్మ. నా రెక్కలకు గుడ్డ కుట్టింది ఆవిడే. కుట్టిన ప్రతి జానెడుకీ ఆగి, కళ్లు మూసుకుని చేత్తో తడిమి చూసేది. నన్ను ముట్టుకున్న చేతుల్లో అబద్ధం ఎరగని చెయ్యి అదేనేమో. మనుషుల గురించి నాకు తెలిసిందంతా చేతుల వల్లే తెలిసింది. లోపల కూర్చున్నవాడు కర్ర పట్టుకుంటాడు. కర్ర ఎటు వంచితే నేను అటు తిరగాలి. పక్కన ఇంకో పిడి ఉంటుంది. దాన్ని ముందుకు తోస్తే జోరు పెరుగుతుంది, వెనక్కి లాగితే తగ్గుతుంది. ఆ కర్రా ఆ పిడీ పట్టుకున్న మనిషి నోటితో ఏం చెప్పినా, లోపలి సంగతి నాకు చేతిలో తెలిసిపోతుంది.

మొదట నన్ను కొన్నది కార్టరు దొర. మద్రాసులో తోళ్ల వ్యాపారం. నన్ను ముక్కలుగా విప్పి ఓడలో తెచ్చుకున్నాడు. మూడు పందేలు తోలాడు. మంచి చెయ్యి. మూడో పందెంలో మా ముందు పోతున్న విమానం సముద్రం మీద మలుపు తిరుగుతూ రెక్క నీళ్లకు తగిలించుకుంది. నీళ్లు ఎగిరాయి. అంతే, ఇంకేమీ కనపడలేదు. దొర పందెం పూర్తి చేశాడు. దిగాక అందరితో బాగానే మాట్లాడాడు. నెల తిరక్కుండా నన్ను అమ్మకానికి పెట్టాడు. ఎందుకయ్యా అంటే దొరసాని వద్దంటోంది అన్నాడు. ఆ మహాతల్లి ఏనాడూ వద్దనలేదు. వారం వారం వచ్చి, నా రెక్క మీద చెయ్యి వేసి ఫొటో తీయించుకునేది. దొర చెయ్యి వణకడం మొదలెట్టింది, అదీ అసలు సంగతి. ఆ మాట నోటితో చెప్పలేక పెళ్లాన్ని అడ్డం పెట్టుకున్నాడు.

పందెపు విమానం అమ్మేవాడి దగ్గర కారణాలకు కరువుండదు. పెళ్లాం వద్దంది. కళ్లు మందగించాయి. పెట్రోలు మండిపోతోంది. సామాను దొరకడం లేదు. అన్నీ నిజమే అయి ఉంటాయి. అమ్మేది మాత్రం వాటికి కాదు.

తరవాత యుద్ధం వచ్చింది. సర్కారువాళ్లు నన్ను తీసుకుని బూడిదరంగు పూశారు. టపా సంచులు మోయించారు. పందెపు ఎద్దును గానుగకు కట్టినట్టు. యుద్ధం అయిపోయాక పాత సామాన్ల వేలంలో ఎండలో నిలబెట్టారు.

అక్కడ నన్ను చూసినవాడు దావీదు. గోదావరి ఒడ్డున పేటలో అతని ఇల్లు. యుద్ధంలో విమానాలకు ఫిట్టరుగా చేసి వచ్చాడు. వేలానికి ముకుందరాజుగారి వెంట వచ్చాడు. రాజుగారిది చిన్న జమీ. ఆయన అప్పటికే నిగనిగలాడే రంగున్న ఇంకో విమానం దగ్గర నిలబడి మురిసిపోతున్నారు. దావీదు నా ముక్కు మూత ఎత్తి, ఇంజనులోకి చూసి, వేలు పెట్టి వాసన చూసి కేకేశాడు.

"బాబుగారూ, ఇలా రండి. అది పెళ్లికూతురండి. ఇది పనిమంతురాలు."

అలా నేను గోదావరి జిల్లాకు వచ్చాను.

యుద్ధం రోజుల్లో సైన్యంవాళ్లు వేసి వదిలేసిన రన్‌వే ఒకటి అక్కడ ఉంది. పక్కన నాలుగు షెడ్లు. చుట్టుపట్ల సొంత విమానాలున్నవాళ్లు ఏడుగురు. మిల్లులవాళ్లు, పొగాకువాళ్లు, మిగిలిపోయిన జమీందార్లు. ఏటా కార్తీకం వెళ్లాక అందరూ కలిసి పందెం పెట్టుకునేవారు. మైదానం దగ్గర బయలుదేరి, పంచదార ఫ్యాక్టరీ పొగగొట్టం చుట్టి, కాలవ లాకుల మీదుగా తిరిగి, ఒక గడ్డివాము మీద కట్టిన తెల్ల దుప్పటి దగ్గర మలుపు తీసుకుని రావాలి. అలా మూడు చుట్లు.

ఏడు విమానాలూ ఒక్క జోరు కావు. అందుకని ఒక పద్ధతి ఉండేది. పందేనికి నాలుగు రోజుల ముందు కొలత రోజు. ఆ రోజు ఒక్కొక్కళ్లే తోలాలి. ఎవరి జోరు ఎంతో గడియారంతో కొలిచి రాసుకుంటారు. పందెం రోజున మెల్లగా పోయేవాణ్ణి ముందు వదులుతారు. జోరుగా పోయేవాణ్ణి ఆఖరున వదులుతారు. కొలత నిజమైతే ఏడు విమానాలూ ఒక్కసారే గీత దాటాలి. ఈ లెక్క చూడడానికి మద్రాసు నుంచి సుందరం అయ్యరుగారు వచ్చేవారు. బక్కమనిషి. చేతిలో గడియారం, చంకలో నల్ల అట్ట పుస్తకం.

ఇందులో కిటుకు ఈపాటికి మీకు తట్టే ఉంటుంది. కొలత రోజున మెల్లగా తోలి, పందెం రోజున పూర్తి జోరుతో తోలితే కప్పు మీదే. అందరూ అదే చేసేవారు. అందరికన్నా బాగా చేసేవారు పొగాకు పున్నారావుగారు. గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. కొలత రోజున ఆయన విమానాన్ని చూస్తే ధాన్యం బండి గుర్తొచ్చేది. ఇంత మెల్లగా పోతే ఆకాశంలో నిలబడేదెలాగా అని దావీదు "ప్రభువా, ప్రభువా" అనుకునేవాడు. పందెం రోజున ఆ ధాన్యం బండికి రెక్కల గుర్రం పూనేది.

ముకుందరాజుగారు ఒక్కరే కొలత రోజున ఉన్న జోరంతా చూపించేవారు. ఎందుకండీ అంటే, "కుంచంలో బొటనవేలు పెట్టి కొలిచే అలవాటు మా ఇంట్లో లేదయ్యా," అనేవారు. ఆ మాట జిల్లా అంతా పాకింది. జమీ రద్దయిపోయింది. ఏనుగు పోయింది, దివాణం పోయింది. రాజుగారు కుంచంలో వేలు పెట్టరు అన్న మాట మాత్రం మిగిలింది. సంతలో కూడా జనం ఆయన్ని చూసి లేచి నిలబడేది ఆ మాటకే. ఆయనా దాన్ని ఉత్తరీయం కన్నా జాగ్రత్తగా కప్పుకుని తిరిగేవారు.

మాట నిజమే. చెయ్యి మాత్రం ఇంకొకటి కూడా చెప్పేది.

కొలత రోజున మైదానం ఖాళీగా ఉంటుంది. ఆ రోజు పొద్దుటే ఒక నల్ల కారు వచ్చి వేపచెట్టు కింద ఆగేది. కిటికీలకు తెరలు. వెనక సీట్లో సుభద్రాయమ్మగారు, రాజుగారి భార్య. రాజుల ఇళ్లలో ఆడవాళ్లు పరాయి మగవాళ్ల కంటపడరు. ఘోషా అంటారు. పందెం రోజున తీర్థంలా జనం వస్తారు గనక ఆవిడ రావడానికి లేదు. ఏడాదికి ఆ ఒక్క కొలత రోజే ఆవిడ తెర నాలుగు వేళ్ల మేర జరిపి, మొగుడు ఆకాశంలో తిరగడం చూసేది. ఇంక ఆ రోజున మెల్లగా తోలమంటే ఏ మొగుడు తోలతాడు?

కారు వచ్చి ఆగిందా, రాజుగారి చెయ్యి నా పిడిని ఆఖరిదాకా తోసేది. ఆ నిమిషానికి నాకూ సంబరమే. దెబ్బ పందెం రోజున తెలిసేది.

ఆరేళ్లు. ఆరు పందేలు. అందరినీ వదిలి, అందరూ కంటికి కనపడనంత దూరం పోయాక నన్ను వదిలేవారు. ఒక్కొక్కణ్ణే దాటుకుంటూ వచ్చేదాన్ని. ఆఖరి మలుపు తిరిగేసరికి ముందు పున్నారావుగారు, ఒక్కో ఏడు ఇంకొకరు మిగిలేవారు. ఇంకో ఫర్లాంగు ఉంటే ఆయన్నీ దాటేసేదాన్ని. ఆ ఫర్లాంగు ఏనాడూ మిగల్లేదు. మూడుసార్లు రెండోదాన్ని. రెండుసార్లు మూడోదాన్ని. ఒకసారి ఐదోదాన్ని, ఆ ఏడు గద్ద వచ్చి ముక్కుకు కొట్టుకుంది. "రాజుగారి విమానం చప్పుడెక్కువ, సంగతి తక్కువ," అనేవాళ్లు జనం. జిల్లాలో నాకన్నా జోరైనది లేదని అయ్యరుగారి పుస్తకంలో ఉంది. పుస్తకం ఎవడు చదువుతాడు? కప్పు ఎవరి చేతిలో ఉందో చూస్తారు.

ఇంక వరద ఏడు.

శ్రావణంలో వచ్చింది. రెండు రోజుల్లో లంకలు కనపడకుండా పోయాయి. మైదానంలోకి నడుంలోతు నీళ్లు వచ్చాయి. దావీదు నన్ను ఖాళీ పీపాల మీదకు ఎక్కించి, దూలానికి మోకులు కట్టి, మూడు రోజులు షెడ్డులోనే ఉండిపోయాడు. నా రెక్క మీద ఒక జెర్రిపోతు, పక్క పీపా మీద దావీదు. ఒకరి జోలికి ఒకరు పోలేదు. నీళ్లు తీశాక బురద కడిగాడు. చివికిన కర్ర తీసి కొత్త కర్ర వేశాడు. గుడ్డ మార్చాడు. ఇంజను విప్పి, ప్రతి ముక్కా కిరసనాయిల్లో కడిగి మళ్లీ బిగించాడు. కార్తీకం నాటికి నేను వరదకు ముందుకన్నా బాగున్నాను.

సుభద్రాయమ్మగారి పుట్టిల్లు లంకలోనే. ఇల్లు నిలబడింది గాని రెండు గోడలు పోయాయి. తల్లి మంచాన పడింది. ఆవిడ పడవెక్కి వెళ్లి అక్కడే ఉండిపోయింది. ఆ ఏడు కొలత రోజున వేపచెట్టు కిందకు కారు రాలేదు.

దావీదు ఆ ఏడు కనిపెట్టుకుని కూర్చున్నది దానికోసమే.

"బాబుగారూ, ఒక మాటండి."

"చెప్పు."

"అమ్మగారు రారంట గదండీ."

"రారు."

"మరెవరికి సూపిత్తారండి ఆ జోరు? నాకా? ఆరేళ్లబట్టీ సూత్తానే ఉన్నానండి. ఆ ఏపసెట్టుకా?"

రాజుగారు చేతికి తోలు తొడుగు ఎక్కించుకుంటూ నిలబడ్డారు.

"బురద ఎత్తి పోసీసరికి నా నడుం ఇరిగిపోయిందండి. మా ఆడది, ఆ ఇమానాన్నే కట్టుకోపోయావా అంటంది. ఒక్క కప్పండి. ఒక్కటంటే ఒక్కటి. నాకొద్దు, మీ సావిట్లోనే ఎట్టుకోండి. ఓడిపోయే ఇమానానికి మేస్త్రివి గదేంట్రా అంటన్నారండి పేటలో, ఆయ్. నేను బిగించిన బోల్టు ఎప్పుడైనా ఊడిందా అండి?"

"పున్నారావులా తోలమంటావు."

"ఆ మాట నేనన్నానా అండి? కూసింత ఎనక్కి లాగమన్నాను. పిడి ఒక్క అంగుళం. అంగుళానికి దేవుడు కూడా లెక్క రాయడండి."

"రాసేవాడు అయ్యరు గదయ్యా, దేవుడు కాదు."

"ఆయన రాసీదంతా దొంగ లెక్కే గదండీ, మీది తప్ప."

రాజుగారు లోపలికి ఎక్కారు. దావీదు నా ముక్కుకున్న పంకా తిప్పాడు. ఇంజను అందుకుంది. ఎగిరాక చెయ్యి అలవాటు ప్రకారం పిడిని ఆఖరిదాకా తోసింది. తల వేపచెట్టు వైపు తిరిగింది. చెట్టు కింద ఒక గేదె పడుకుని ఉంది.

చెయ్యి పిడిని అంగుళం వెనక్కి లాగింది. ఆగింది. ఇంకో అంగుళం లాగింది.

కప్పు నాకూ కావాలి. దావీదు పక్షమే నేను. అయినా ఆ మూడు చుట్లూ నాకు ఒళ్లు మండిపోయింది. పరుగు వచ్చినవాణ్ణి పట్టుకుని కుంటమన్నట్టు ఉంది. తోక బరువెక్కింది. గొట్టం దగ్గర ఒక కొంగ నా పక్కనే చాలాసేపు వచ్చింది.

దిగేసరికి అయ్యరుగారు గడియారం చెవి దగ్గర పెట్టుకుని చూస్తున్నారు, ఆగిపోయిందేమోనని.

"ఏమి రాజుగారూ, ఇంజనుకు వరద తగిలిందా?"

"తగిలింది," అన్నారు రాజుగారు.

అయ్యరుగారు పుస్తకం తెరిచి రాసుకున్నారు. ఇంజను కడిగిన దావీదు పక్కనే నిలబడి చెప్పుల వంక చూసుకున్నాడు.

పందెం రోజున నన్ను మూడోదిగా వదిలారు. జీవితంలో మొదటిసారి నా వెనక నలుగురు ఉన్నారు. రాజుగారు పిడిని తోసిన తోపుకు అది ఊడి చేతిలోకి వస్తుందేమో అనుకున్నాను. మొదటి చుట్టు పూర్తికాకుండానే ముందున్న ఇద్దరినీ దాటేశాను. వాళ్లలో పున్నారావుగారు ఒకరు. పంచదార ఫ్యాక్టరీ గొట్టం దగ్గర ఆయన నెత్తిమీదుగా పోతుంటే తల ఎత్తి చూశారు. ఆ నోరు తెరుచుకున్న తీరు ఇప్పటికీ నాకు జ్ఞాపకం. తరవాత రెండు చుట్లూ ముందు ఎవరూ లేరు. ఖాళీ ఆకాశం. లోపల రాజుగారు ఏదో కూనిరాగం తీస్తున్నారు. ఆ చెయ్యి ఆరేళ్లలో ఎన్నడూ లేనంత తేలికగా ఉంది. మలుపుల దగ్గర కర్రతో ఆడుకుంది. గీత దాటాక కూడా, అవసరం లేకపోయినా, ఇంకో చుట్టు తిప్పింది.

దిగాక జనం. దండలు. కప్పు. దావీదు నా ముక్కును కావలించుకుని, మొహమంతా గ్రీజు పూసుకుని ఏడ్చాడు. నాకు కన్నీళ్లు ఉంటే నేనూ ఏడ్చేదాన్నే.

అప్పుడు పున్నారావుగారు వచ్చారు. కోపంతో వస్తున్నారనుకున్నాను. నవ్వుతూ వచ్చారు. రాజుగారిని రెండు చేతులా కౌగలించుకున్నారు.

"ఏందండీ రాజుగారూ! ఆరేళ్లు పట్టిందా మా బళ్లో చేరటానికి? ఇంజనుకి వరద తగిలిందంటగా! ఆ మాట నాకు తట్టలేదు చూడండి, నేనెప్పుడూ తలనొప్పి అనేవాణ్ణి. ఇంక బాధేం లేదు, మనమంతా ఒకటే. మీ పక్కన నిలబడాలంటే ఇన్నాళ్లూ నాకు సిగ్గేసేదండీ, అమ్మతోడు."

ఆయన ప్రేమగానే అన్నారు. రాజుగారి మెడలో దండ ఆ కౌగిలిలో నలిగిపోయింది.

జనం పలచబడ్డాక అయ్యరుగారు నా రెక్క కింద నీడలో కూర్చుని కాగితాలు సర్దుకుంటున్నారు. రాజుగారు ఆయన దగ్గరకు వెళ్లి నిలబడ్డారు.

"అయ్యరుగారూ, నా కొలత..."

"అయిపోయింది కదా. కప్పు కూడా ఇచ్చేశారు."

"అది కాదు."

అయ్యరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఒకటి చెప్పేదా? కోపం రాకూడదు. పున్నారావుగారు ఇచ్చే కొలతలో నేను ఏటా కొన్ని నిమిషాలు కోసేస్తాను. అందరిదీ కోస్తాను. ఎవరు ఎంత అబద్ధం చెబుతారో అంత. వాళ్లకూ అది తెలుసు, అందుకని ఇంకొంచెం ఎక్కువ చెబుతారు. మీది ఒక్కటే ఉన్నది ఉన్నట్టు రాసేవాణ్ణి. ఈ సంవత్సరం కూడా."

"ఈ సంవత్సరం కూడానా?"

"వరద తగిలిందని మీరే చెప్పారు కదా." పుస్తకం మూసి నాడా కట్టారు. "వచ్చే సంవత్సరం నుంచి మీదీ కోస్తాను. తప్పుగా అనుకోవద్దు. అది నా పని."

రాజుగారు చాలాసేపు నా రెక్క మీద చెయ్యి వేసి నిలబడ్డారు. తరవాత తిన్నగా పున్నారావుగారి షెడ్డు వైపు నడిచారు. ఎప్పటినుంచో కొంటానంటున్నారు గదా, తీసుకోండి అన్నారు. పొద్దుగూకేలోగా నేను పరాయిదాన్ని అయిపోయాను.

ఎందుకు అమ్మేశారండీ అని అడిగినవాళ్లకు అడిగినట్టు చెప్పారు. క్లబ్బువాళ్లకు కళ్లు మందగించాయన్నారు. బంధువులకు జమీ పోయాక ఇవన్నీ ఎందుకన్నారు. దావీదు, "నేనేం తప్పు సేసేనండి?" అని అడిగితే, నీ తప్పేం లేదు, పెట్రోలు గిట్టుబాటు కావడం లేదు అన్నారు.

ముసలి ఎద్దును అమ్మితే అర్థముంది. కుంటి ఎద్దును అమ్మితే అర్థముంది. పందెం గెలిచిన ఎద్దును మెడలో దండ వాడకముందే సంతకు తోలే రైతును మీరెక్కడైనా చూశారా?

తరవాత నా బతుకు చెప్పుకోవడానికి ఏమీ లేదు. పున్నారావుగారు రెండేళ్లు ఉంచుకున్నారు. నా అసలు జోరు అయ్యరుగారి పుస్తకంలో ఉంది గదా, ఈయన ఎంత తగ్గిస్తే ఆయన అంత కోశారు, ఒక్క పందెం కూడా గెలవలేదు. పొగాకు ధర పడిపోయిందని చెప్పి అమ్మేశారు. అసలు సంగతి, ఓడించడానికి రాజుగారు లేని పందెం ఆయనకు రుచించలేదు. చెయ్యి ఆవలిస్తూ తోలేది. చేతులు మారి మారి ఇప్పుడు ఒక పాలిటెక్నిక్ షెడ్డులో ఉన్నాను. లోపలి భాగాలు కనపడాలని నా ఇంజనును అడ్డంగా కోశారు. మొన్న ఒక మేష్టరు పిల్లలకు నన్ను చూపించి, ఇది ఒకప్పుడు పందెం గెలిచిందట అన్నాడు. మరి ఎందుకు అమ్మేశారు సార్ అని వెనకనుంచి ఎవరో అడిగారు. పాతబడిపోయి ఉంటుంది అన్నాడు. నాకు నోరు లేదు గాని, ఉంటే ఆ షెడ్డు రేకులు ఎగిరిపోయేవి.

అసలు సంగతి నాకు తెలిసింది పందెం మర్నాడు పొద్దున.

ఇంకా మంచు విడలేదు. నల్ల కారు రేవు నుంచి తిన్నగా మైదానానికి వచ్చింది. వేపచెట్టు దగ్గర ఆగకుండా మా షెడ్డు ముందుకే వచ్చి ఆగింది. రాజుగారు కిటికీ దగ్గరకు వెళ్లారు. డ్రైవరు దిగి దూరంగా పోయాడు. తెర వెనకనుంచి సుభద్రాయమ్మగారి గొంతు వినపడింది.

"గెలిచారట! నిన్న సాయంత్రమే లంకకు కబురొచ్చింది. ఆ మాట విని అమ్మ మంచం మీద లేచి కూర్చుంది."

"ఊఁ."

"ఊఁ ఏమిటి? ఆరేళ్లకు గెలిచి ఊఁ అంటారేమిటి?"

"కొలత రోజున మెల్లగా తోలాను."

"ఎందుకూ?"

"నువ్వు రాలేదు గదా."

ఆవిడ, "అయితే ఇన్నేళ్లూ ఓడింది నేను వచ్చినందుకా?" అంది.

రాజుగారు బూటుతో మట్టి గీస్తున్నారు.

"ఒక్క మాట చెబితే మానేసేదాన్ని గదండీ. ఇంట్లో నాకు పని లేకనా? ఆ మూసిన కారులో, ఆ తెరల మధ్య ఉడికిపోతూ, మెడ నొప్పి పుట్టేదాకా చూసేదాన్ని. మీకు సరదా అని."

"నీకు సరదా అనుకున్నాను."

వినండి. ఆరేళ్లు! ఇద్దరూ ఒక్క ఇంట్లో ఉంటారు. ఒక్క విస్తరి పక్కన ఇంకో విస్తరి వేసుకుని తింటారు. ఈ ఒక్క ముక్క ఒకళ్లతో ఒకళ్లు అనుకుని ఉంటే నా పేరు మీద ఎన్ని కప్పులు ఉండేవి! గోదావరి మళ్లీ వచ్చి నన్ను తీసుకుపోయినా బాగుండునని అనిపించింది.

"సరే," అంది ఆవిడ. "ఇకనుంచి నేను రాను. వచ్చే ఏడు హాయిగా మెల్లగా తోలుకోండి."

"అమ్మేశాను."

"అయ్యో! ఎందుకూ?"

కళ్లు, జమీ, పెట్రోలు. నిన్నంతా ఊరందరికీ పంచిన కారణాలు ఇంకా ఆయన దగ్గర ఉన్నాయి. వాటిలో ఒకటి తీసి ఇచ్చేస్తారనుకున్నాను.

"బాగుంది సుభద్రా," అన్నారు. "గెలవడం చాలా బాగుంది. అయ్యరు నా మొహం మీదే చెబుతున్నాడు, వచ్చే ఏడు నీ కొలత కూడా కోస్తానని. సిగ్గుతో తల దించుకున్నాను. దించుకుని, వాడు అంత కోస్తే పిడి ఇంకెంత వెనక్కి లాగాలా అని లెక్క వేస్తున్నాను. వాడి మాట పూర్తికాకముందే లెక్క తేలింది."

తెర సందులోంచి ఒక చెయ్యి బయటకు వచ్చి, కిటికీ అంచు మీద ఉన్న ఆయన చేతి మీద ఆగి, డ్రైవరు ఇటు తిరిగేలోగా లోపలికి పోయింది.

అప్పుడు నాకు నిన్నటి ఆ నాలుగో చుట్టు అర్థమైంది. అయినా ఆయన చేసింది ఒప్పేనని నేను ఇప్పటికీ అనను. నేను పందెపు విమానాన్ని.

దావీదు ముక్కు తుడుచుకుంటూ వచ్చాడు.

"బాబుగారూ, ఇంజనేసేత్తానండి. తోలుకెళ్లి ఆళ్ల షెడ్డులో ఎట్టేద్దురుగాని. పోతా పోతా ఒక్క సుట్టు కొట్టి రండి. ఒక్కటే అండి."

"ఇంజను వద్దు."

"అరమైలుందండి ఆ షెడ్డు!"

"తోద్దాం."

ఆయన సిల్కు చొక్కా చేతులు పైకి మడుచుకున్నారు. ఒక రెక్క ఆయన, ఒక రెక్క దావీదు. మంచుకు తడిసిన గడ్డిలో నన్ను తోసుకుంటూ మైదానం ఈ కొసనుంచి ఆ కొసకు తీసుకెళ్లారు. రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నారు. దారిలో గడ్డి కోసుకునేవాళ్లు లేచి నిలబడి చూశారు. పున్నారావుగారి షెడ్డులో నన్ను గోడ వారగా నిలబెట్టాక దావీదు చక్రాలకు అడ్డుచెక్కలు తెచ్చాడు. రాజుగారు అవి అతని చేతిలోంచి తీసుకున్నారు. మోకాళ్ల మీద కూర్చుని, ఎడమ చక్రానికి ఒకటి, కుడి చక్రానికి ఒకటి పెట్టారు. లేచి, రెంటినీ కాలితో గట్టిగా తన్ని, కదలవని చూసుకుని, వెళ్లి కారెక్కారు.